టీ గ్లాసు ఎవరు నింపారు?

ఆఫీసు హాస్యచిత్రం నడుస్తోంది. మేనేజరు బల్ల మీద టీ గ్లాసు సగం ఖాళీగా ఉంది. కెమెరా గుమాస్తా మొహం మీదికి వెళ్లి తిరిగొచ్చేసరికి గ్లాసు నిండిపోయింది. అంతదాకా పదిన్నర చూపించిన గోడ గడియారం పన్నెండుంబావు దగ్గరుంది. ఇంట్లో ఒకరు "అదిగో, చూశారా!" అంటారు. ఇంకొకరు "కథ చూడవయ్యా, గ్లాసుతో నీకేం పని?" అంటారు. సినిమా అయిపోతుంది గాని ఆ వాదన అవదు.

షాటుకీ షాటుకీ మధ్య వస్తువు మారిపోవడాన్ని సినిమావాళ్లు కంటిన్యుటీ తప్పు అంటారు. దాన్ని పట్టుకోవడం చాదస్తమా, శ్రద్ధా? ఆ తప్పు సినిమాను పాడుచేస్తుందా, లేదా? నోటిమాటగా వాదిస్తే ఇది తేలదు. అంకెలు ముందు పెట్టుకుంటే చాలావరకు తేలుతుంది.

ఆ లెక్క వేయడానికి గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం మండలం మంచి చోటు. ఈ మండలంలోని పులిదిండిలోనే బాపు తన తొలి సినిమా ‘సాక్షి’ని తీశారు. రచన ముళ్లపూడి వెంకటరమణ. 1967లో విడుదలైంది. కృష్ణ, విజయనిర్మల జంటగా చేసిన మొదటి సినిమా అదే. స్టూడియో సెట్లే సినిమా లోకంగా ఉన్న రోజుల్లో గోదావరి గట్టుకు, పల్లెటూరి వీధికి కెమెరాను తెచ్చారు. తర్వాతి కాలంలో లొల్ల లాకులు, కాలువగట్లు, కొబ్బరితోటలు ఎన్నో సినిమాలకు ఎక్కాయి. తెర మీద అరనిమిషం కనిపించేదాని కోసం గట్టు మీద ఒక పూటంతా నిలబడి చూసినవాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. తప్పు ఎలా పుడుతుందో వాళ్లకు కొంత తెలుసు. మిగతాది లెక్క చెబుతుంది.

1,619 అతుకులు

సినిమా సెకనుకు 24 బొమ్మలు. రెండుంబావు గంటల సినిమా అంటే 8,100 సెకన్లు, అంటే 1,94,400 బొమ్మలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు పడతాయి కాబట్టి ఆ సినిమా పొడవు 12,150 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. పాత రోజుల్లో డబ్బాలు లెక్కపెట్టి 13 రీళ్ల సినిమా అనేవారు.

ఇప్పుడు సగటున ఒక్కో షాటు 5 సెకన్లు ఉంటుందనుకుందాం. అప్పుడు సినిమాలో 1,620 షాట్లు. వాటిని కలిపే అతుకులు 1,619. కంటిన్యుటీ తప్పు దూరేది ఆ అతుకుల దగ్గరే. ఒకే షాటు నడుస్తున్నంతసేపు గ్లాసు తనంతట తాను నిండదు.

మన సినిమా బృందం చాలా జాగ్రత్త గలదనీ, నూరు అతుకుల్లో 99 సరిగ్గా కుదిరాయనీ అనుకుందాం. అయినా సినిమా మొత్తంలో 16 తప్పులు మిగులుతాయి. ఇంకా జాగ్రత్తపడి వెయ్యిలో 999 సరిచేశారనుకున్నా సగటున ఒకటిన్నర తప్పు ఉంటుంది. ఆ స్థాయి శ్రద్ధతో పనిచేసిన సినిమాలో కూడా ఒక్క తప్పూ లేకుండా ఉండే అవకాశం 20 శాతమే. తప్పులేని సినిమాకు సగానికి సగం అవకాశం కావాలన్నా, దాదాపు 2,300 అతుకులకు ఒక్కటి మించి పొరపాటు జరగకూడదు. మనిషి చేతి పనిలో అంత కచ్చితత్వం ఎక్కడ చూస్తాం?

అందుకే తప్పు ఉందా అని అడిగితే జవాబు దాదాపు ప్రతి సినిమాకూ ఉందనే వస్తుంది. అడగాల్సింది ఆ తప్పు ఎక్కడ పడిందని.

2 నిమిషాలకు 552 తనిఖీలు

అన్ని రకాల సినిమాల్లో ఆఫీసు హాస్యచిత్రానికి ఈ బెడద ఎక్కువ. పోరాట సన్నివేశంలో వస్తువులు ఎగిరిపోతుంటాయి, ఎవరూ లెక్కపెట్టరు. ఆఫీసులో మాత్రం బల్ల కదలదు, కుర్చీ కదలదు, అదే గది గంటన్నరసేపు కనిపిస్తుంది. చూసి చూసి ఆ బల్ల మనింటి బల్లంత అలవాటైపోతుంది. మనింటి బల్ల మీద చెంచా జరిగినా మనకు తెలుస్తుంది కదా.

ఒక చిన్న సీను ఊహించుకుందాం. రెండు నిమిషాల మీటింగు. అయిదుగురు ఉద్యోగులు. ఒక్కొక్కరి ముందు టీ గ్లాసు, పెన్ను, ఫైలు, కళ్లజోడు. అంటే 20 వస్తువులు. వాటికి గోడ గడియారం, క్యాలెండరు, ఫ్యాను, కిటికీ కలిపితే 24. రెండు నిమిషాల్లో అయిదేసి సెకన్ల షాట్లు 24, అతుకులు 23. ఒక్కో అతుకు దగ్గర 24 వస్తువులూ కుదరాలంటే 552 తనిఖీలు. తెర మీద రెండు నిమిషాల కోసం ఇంత.

ఆ రెండు నిమిషాలూ రెండు నిమిషాల్లో తీయరు. ముందు అందరూ కనపడేలా మాస్టర్ షాటు తీస్తారు. తర్వాత ఒక్కొక్కరి క్లోజప్పులు. మొత్తం ఆరు కోణాలు. కోణం మారినప్పుడల్లా లైట్లు మార్చాలి, వెనక గోడ సర్దాలి. కోణానికి గంట చొప్పున వేసుకుంటే ఆరు గంటలు. ఒక్కో కోణంలో మూడు టేకులు తీస్తే 18 టేకులు. మేనేజరు ప్రశ్న పొద్దున పది గంటలకు తీస్తే, దానికి గుమాస్తా చెప్పే జవాబు భోజనాల తర్వాత తీస్తారు. తెర మీద ఆ రెండింటి మధ్య రెప్పపాటు కూడా ఉండదు.

ఈ మధ్యలో టీ చల్లారింది, ఆవిరి పోయింది. నటుడు మొదటి టేకులో "సెలవు" అనే మాట దగ్గర గ్లాసు ఎత్తాడు, మూడో టేకులో మాటంతా అయ్యాక ఎత్తాడు. ఎడిటరు నటన బాగున్న టేకులు ఎంచుకుని అతికించాడు. గ్లాసు నిండింది. గడియారం సంగతి అంతకన్నా తేలిక. బ్యాటరీ తీసేసి ముళ్లు ఆపకపోతే అది తన పని తాను చేసుకుపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. సినిమా కథ వరుసలో తీయరు, చోటు వరుసలో తీస్తారు. ఆఫీసు అద్దెకు దొరికిన పది రోజుల్లో ఆఫీసు సీన్లన్నీ తీసేయాలి. కథలో ఉద్యోగంలో చేరిన రోజు, రాజీనామా ఇచ్చిన రోజు షూటింగులో ఒకే మధ్యాహ్నం కావచ్చు. మగవాళ్ల గడ్డం రోజుకు దాదాపు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు షెడ్యూళ్ల మధ్య 20 రోజులు గడిస్తే 8 మిల్లీమీటర్లు. కథలో అది ఒక్క రాత్రి.

ఇదంతా గుర్తుపెట్టుకునే మనిషి ఒకరుంటారు. మన సినిమాల్లో ఎక్కువగా అది అసిస్టెంట్ డైరెక్టర్ పని. క్లాప్ బోర్డు మీద సీను, షాటు, టేకు నంబర్లు వేయడం, ఏ చేతిలో ఏముందో, చొక్కా ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో, ఏ మాట దగ్గర లేచాడో నోటుపుస్తకంలో రాసుకోవడం. ఇప్పుడు ఫోనులో ఫొటోలు తీసుకుంటున్నారు. 552 తనిఖీల్లో 551 సరిచూసిన ఆ మనిషిని ఎవరూ గుర్తించరు. తప్పిన ఆ ఒక్కటే అందరి నోటా ఉంటుంది.

గంటకు 15 డిగ్రీలు

ఆఫీసు లోపలే కదా, ఎండతో పనేముంది అనిపిస్తుంది. మేనేజరు కుర్చీ వెనక కిటికీ ఉంటే పని ఉంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. బల్ల మీద పడ్డ కిటికీ చువ్వల నీడ ఆరు గంటల్లో గదంతా తిరిగొస్తుంది.

ఆరుబయట అయితే ఇది ఇంకా కఠినం. ఆత్రేయపురం దాదాపు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి 21 ప్రాంతంలో అయిదున్నర అడుగుల మనిషి ఇక్కడ గట్టు మీద నిలబడితే, మిట్టమధ్యాహ్నానికి నాలుగు గంటల ముందు నీడ 10 అడుగులు. మూడు గంటల ముందు 6 అడుగులు. రెండు గంటల ముందు 3.7 అడుగులు. అంటే పొద్దున ఫలహారాలకు ఒక గంట ఆగి మళ్లీ మొదలుపెడితే నీడ నాలుగు అడుగులు తగ్గిపోతుంది. ఒకే సంభాషణలో నాయకుడి నీడ అతని కన్నా పొడుగ్గానూ, నాయిక నీడ ఆమె కన్నా పొట్టిగానూ కనపడితే కారణం ఇదే.

ఏడాది లెక్క ఇంకా చిత్రమైనది. సంక్రాంతి రోజుల్లో మిట్టమధ్యాహ్నం అదే మనిషి నీడ 4.3 అడుగులు, ఉత్తరం వైపు పడుతుంది. మే 7 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నీడ కాళ్ల కిందే ఉంటుంది. అక్కణ్నుంచి ఆగస్టు 5 ప్రాంతం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జనవరిలో తీసిన సీనుకు జూన్‌లో ప్యాచ్ వర్క్ చేస్తే, అదే గట్టు, అదే చెట్టు, అదే చీర అయినా నీడ దిక్కు మారిపోతుంది. మబ్బు పట్టిన రోజు కోసం కెమెరామన్ ఎదురుచూసేది ఇలాంటప్పుడే. మబ్బులో నీడ లేదు, నీడ లేకపోతే తప్పూ లేదు.

11.75 అడుగులు

డెల్టాలో నీళ్లు కూడా సాక్ష్యం చెబుతాయి. బొబ్బర్లంక వైపు నుంచి వచ్చే మధ్య డెల్టా కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమలోకి పోతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు, తొలకరికి ముందు నీళ్లు వదులుతారు. నిండు కాలువ పక్కన సైకిలు మీద బయల్దేరిన నాయకుడు మరుసటి షాటులో బురద కనపడే కాలువ పక్కన దిగితే, హైదరాబాదులో కూర్చున్న ప్రేక్షకుడికి అది పల్లెటూరి అందం. ఇక్కడి రైతుకు మాత్రం అది రెండు నెలల తేడా. ఒకటి కాలువ కట్టక ముందు, ఇంకొకటి కట్టేశాక.

గోదావరి అయితే వానాకాలంలో రోజురోజుకూ మారుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఆరడుగులు. రేవులో మెట్టు అరడుగు ఎత్తనుకుంటే 12 మెట్లు నీట మునిగినట్టు. నాయిక పదో మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టిన మాట మర్నాడు తీసే షాటుకు ఆ మెట్టు మీద కూర్చుని పూర్తిచేయలేకపోవచ్చు.

నీటి మీద ఇంకో నియమం కూడా పనిచేస్తుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. 180 డిగ్రీల నియమం అంటారు దాన్ని. గీత దాటితే ఎడమవైపు ఉన్నవాడు కుడివైపు కనపడతాడు, ఎగువకు పోయే లాంచీ దిగువకు పోతున్నట్టు ఉంటుంది. ఈ మండలంలోని ర్యాలి గుడికి వెళ్లినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక నుంచి చూస్తే జగన్మోహిని, ఒకే శిల. చుట్టూ నడిచి వెనక్కి చేరేసరికి మన కుడిచేతి వైపున్నది ఎడమచేతి వైపుకొస్తుంది. మన కాళ్లతో నడిచాం కాబట్టి తికమక పడం. సినిమా మనల్ని నడవనివ్వకుండా ఒక్క ఉదుటున అవతలికి తీసుకుపోతుంది, అందుకే దిక్కు తప్పుతాం.

18 పూతరేకులు

కంటిన్యుటీకి తిండిని మించిన శత్రువు లేదు. ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన సంతోషంలో ఎవరో పూతరేకులు పంచుతున్నారనుకోండి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు గురించి తెలిసినవాళ్లకు ఈ సీను ఎంత కష్టమో వెంటనే అర్థమవుతుంది. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ లాగితే వచ్చే రేకు అది. నెయ్యి తగిలి మెత్తబడుతుంది, వేలు గట్టిగా తగిలితే పొడిపొడి అయిపోతుంది. ఒకసారి కొరికిన పూతరేకును రెండో టేకుకు వాడలేం. ఆరు కోణాలు, మూడేసి టేకులు, ఒక్క నటుడికి 18 పూతరేకులు కావాలి. అయిదుగురూ తింటే 90. ప్రతి టేకులోనూ కొరుకు అంతే ఉండాలి, రాలిన పొడి చొక్కా మీద అక్కడే పడాలి.

అందుకే తినే సీన్లలో నటులు ఎక్కువగా కలుపుతూనో, చేతిలో పట్టుకునో ఉంటారు. నమిలి మింగేది తక్కువ. ఆకలి లేకపోవడం వల్ల కాదు, అతుకు కుదరడం కోసం.

ఒక్క మీసం

ఆఫీసు హాస్యచిత్రాల్లో ఒకటి కంటిన్యుటీ తప్పునే కథగా మార్చుకుంది. హృషీకేశ్ ముఖర్జీ 1979లో తీసిన హిందీ సినిమా ‘గోల్‌మాల్’. అమోల్ పాలేకర్ గుమాస్తా, ఉత్పల్ దత్ యజమాని. మీసం లేనివాణ్ని నమ్మని యజమాని అతను. ఆఫీసుకు సెలవు పెట్టి హాకీ మ్యాచికి వెళ్లిన గుమాస్తా ఆయన కంటపడతాడు. ఆ చిక్కులోంచి బయటపడడానికి తనకు మీసం లేని కవల తమ్ముడున్నాడని చెబుతాడు. అక్కణ్నుంచి మీసం ఉంటే ఒకడు, లేకపోతే ఇంకొకడు. 1981లో బాలచందర్ దీన్ని రజనీకాంత్‌తో తమిళంలో ‘తిల్లుముల్లు’గా తీశారు.

ఈ కథలో యజమాని చేసేది మనం ఇంట్లో కూర్చుని చేసే పనే. నిన్న ఉన్న మీసం ఇవాళ లేదేమని పట్టుకున్నాడు. అతను చూసింది నిజం. తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోవడంలోనే మోసపోయాడు. తప్పు పట్టే ప్రతి ప్రేక్షకుడికీ ఇందులో ఒక పాఠం ఉంది. కనిపించిన తేడా వేరు, దానికి మనం చెప్పుకున్న కారణం వేరు. దర్శకుడు కావాలనే మార్చిన వస్తువును తప్పనుకుంటే, ఉత్పల్ దత్ కూర్చున్న కుర్చీలో మనం కూర్చున్నట్టే.

మీసం మాట వచ్చింది కాబట్టి మళ్లీ మన మండలానికి. ‘సాక్షి’లో నాయకానాయికల పెళ్లి తీసింది మీసాల కృష్ణుడి గుడిలో. ఆ సినిమా నలుపు తెలుపు. చీర రంగు షాటు షాటుకూ మారినా, ఛాయ ఒకటే అయితే తెలిసే దారి లేదు. రంగు వచ్చాక తనిఖీల పట్టికలో కొత్త గడి చేరింది. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు 165 మంది ఎనిమిది నెలలు పనిచేశారు. ఎప్పుడో తీసేసిన సినిమాలో రంగుల కంటిన్యుటీ మాత్రం అర్ధశతాబ్దం తర్వాత తీరిగ్గా సరిచూడాల్సి వచ్చింది.

3,05,326 డాలర్ల 13 సెంట్లు

వాదనకు దిగేవాళ్లకు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మేత పెట్టిన ఆఫీసు హాస్యచిత్రాల్లో 1999లో మైక్ జడ్జ్ తీసిన ‘ఆఫీస్ స్పేస్’ ఒకటి. అందులో ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కంపెనీ లెక్కల్లో సెంటులో భాగాలు తమ ఖాతాకు మళ్లేలా ఒక ప్రోగ్రాం పెడతారు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోగవ్వాల్సింది, కొద్ది రోజులకే 3,05,326 డాలర్ల 13 సెంట్లు కనపడుతుంది. దశాంశ బిందువు తప్పుచోట పెట్టానని వాళ్లలో ఒకడు ఒప్పుకుంటాడు.

ఇది నమ్మొచ్చా? లెక్క వేద్దాం. ఒక్కో లావాదేవీలో సగటున అర సెంటు మిగులుతుందనుకుంటే, అంత సొమ్ము రావడానికి 6 కోట్ల 10 లక్షలకు పైగా లావాదేవీలు జరగాలి. బిందువు రెండు స్థానాలు జరిగి అర సెంటు కాస్తా అర డాలరు అయిందనుకుంటే 6 లక్షల 10 వేలు చాలు. పెద్ద కంపెనీకి అది అసాధ్యమైన సంఖ్యేమీ కాదు. అంటే పాత్ర చెప్పిన కారణం లెక్కకు నిలుస్తుంది. తప్పు సినిమాది కాదు, సినిమాలో మనిషిది. ఈ రెండింటినీ విడదీయకుండా చేసే వాదన ఎన్నాళ్లయినా తెగదు.

ఆ సినిమాలోనే ఒక నోరులేని ఉద్యోగి ప్రాణంగా చూసుకునే ఎర్ర స్టాప్లర్ ఉంది. స్వింగ్‌లైన్ కంపెనీ అప్పటికి ఆ ఎరుపులో స్టాప్లర్లు అమ్మడం లేదు. సినిమావాళ్లు రంగు వేయించారు. జనం అడిగి అడిగి, 2002లో కంపెనీయే ఎర్రవి అమ్మకానికి పెట్టింది. బల్ల మీద వందలాది వస్తువులున్నా కథ మోసేది ఈ ఒక్కదాన్నే. మిగతా బల్లల మీద పెన్ను మారితే క్షమించవచ్చు. ఆ ఎర్ర స్టాప్లర్ కనపడాల్సిన చోట కనపడకపోతే క్షమించలేం, ఎందుకంటే దాన్ని పోగొట్టుకోవడమే ఆ మనిషి బాధ.

9లో 2

ఇన్ని తప్పులుంటే మనకు కొన్నే ఎందుకు కనపడతాయి? డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు బల్ల దగ్గర మాట్లాడుకునే చిన్న సినిమా తీసి, కావాలనే తొమ్మిది తప్పులు పెట్టారు. మెడలో స్కార్ఫు ఒక షాటులో ఉండి ఇంకో షాటులో లేదు, పళ్లేల రంగు మారింది. మొదటిసారి చూసిన పదిమందిలో ఏదైనా మారిందని చెప్పినది ఒక్కరే. మార్పులుంటాయి, వెతకండి అని ముందే చెప్పి చూపించినా సగటున పట్టుకున్నది తొమ్మిదిలో రెండు.

మన కన్ను నిర్మాణమే అలాంటిది. వివరంగా చూడగలిగే మధ్యభాగం వెడల్పు రెండు డిగ్రీలే. చేయి చాచి చూస్తే బొటనవేలు గోరు ఎంత కనపడుతుందో అంత. ఆ బొటనవేలంత చూపును సెకనుకు దాదాపు మూడుసార్లు అటూ ఇటూ తిప్పుతూ మొత్తం తెర చూశామని అనుకుంటాం. మనుషులు మాట్లాడుతుంటే ఆ చూపు మొహాల మీదే ఉంటుంది. గ్లాసు మీద ఉండదు.

కాబట్టి మొదటిసారి చూసినప్పుడే గ్లాసు మీకు కనపడిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. మీ కన్ను నిజంగా చురుకైనది కావచ్చు. లేదా ఆ క్షణంలో ఆ మొహాలు మిమ్మల్ని పట్టి ఉంచలేకపోయి ఉండొచ్చు. రెండోది అయితే తప్పు గ్లాసులో లేదు, సీనులో ఉంది. గ్లాసు ఆ సంగతి మీకు చెప్పింది, అంతే.

51, 4

‘ది ఇంగ్లీష్ పేషెంట్’కు ఎడిటింగులో ఆస్కార్ అందుకున్న వాల్టర్ మర్చ్, ఒక షాటును ఎక్కడ కోయాలో తేల్చడానికి ఆరు విషయాలకు మార్కులు వేశాడు. ఆ క్షణపు భావానికి 51 శాతం. కథ ముందుకు నడవడానికి 23. లయకు 10. ప్రేక్షకుడి చూపు తెర మీద ఎక్కడుందో దానికి 7. తెర సమతలంలో కూర్పుకు 5. నిజమైన చోటులో ఎవరెక్కడ ఉన్నారు, ఏది ఎక్కడుంది అనేదానికి 4. మన గ్లాసు, గడియారం, నీడ ఎక్కువగా పడేది ఈ చివరి నాలుగు మార్కుల్లోనే.

భావానికి ఇచ్చిన 51, మిగతా అయిదింటి మొత్తం 49 కన్నా ఎక్కువ. అన్నీ కుదరనప్పుడు కింద నుంచి వదులుకుంటూ రమ్మని దీని అర్థం. మూడో టేకులో గుమాస్తా కళ్లలో నీళ్లు తిరిగాయి, గ్లాసు మాత్రం నిండి ఉంది. మొదటి టేకులో గ్లాసు సరిగ్గా ఉంది, కళ్లు ఎండి ఉన్నాయి. మంచి ఎడిటరు మూడో టేకే వేస్తాడు. తెలిసే వేస్తాడు. మనం పట్టుకున్న తప్పుల్లో ఎన్నో ఇలా కళ్లు తెరిచి ఒప్పుకున్నవే.

హాస్యానికి ఇది మరీ వర్తిస్తుంది. నవ్వు లయ మీద నిలబడుతుంది. మాట అర సెకను ఆలస్యమైతే నవ్వు పోతుంది. అర సెకను అంటే 12 బొమ్మలు. ఆ పన్నెండు బొమ్మలు కాపాడడానికి గోడ గడియారాన్ని వదిలేస్తే అది నష్టం లేని బేరం.

వాదనకు మూడు ప్రశ్నలు

ఇన్ని లెక్కల తర్వాత, ఇంట్లో వాదన మళ్లీ మొదలైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది: ఇది నిజంగా అతుకు తప్పేనా? దర్శకుడు కావాలని చేసింది కావచ్చు, పాత్ర చేసిన తప్పు కావచ్చు, మధ్యలో కాలం గడిచి ఉండొచ్చు.

రెండోది: ఆ వస్తువు కథను మోస్తోందా? మీసం, ఎర్ర స్టాప్లర్, హత్యకు వాడిన కత్తి వంటివి మారితే అది పెద్ద తప్పు. పక్క బల్ల మీద పెన్ను మారితే చిన్నది.

మూడోది: అది కనపడిన క్షణంలో మీరు నవ్వుతూ ఉన్నారా, కదిలిపోయి ఉన్నారా, విసుగ్గా ఉన్నారా? నవ్వుతూనే చూశారంటే సినిమా గెలిచింది. విసుగులో చూశారంటే సినిమాకు తగిలిన గాయం ఇంకెక్కడో ఉంది.

నా మట్టుకు నేను తప్పు పట్టేవాళ్ల పక్షమే. గ్లాసు మారిందని చెప్పినవాడు ఆ బల్లను అంత దగ్గరగా చూశాడు. 552 తనిఖీల్లో 551 చేసిన అసిస్టెంటుకు తెర ఇవతల ఉన్న చుట్టం అతనే. ఇద్దరూ చూసింది ఒకే బల్లను, ఇద్దరికీ ఒకే శ్రద్ధ. అందుకే పట్టుకున్న తప్పును విజయంలా చాటనక్కర్లేదు. ఆ పనివాడి కష్టాన్ని తలచుకుని చెబితే అదే మాటకు విలువ పెరుగుతుంది.

పులిదిండిలో తీసిన ఆ సినిమా కథ గుర్తుందా? ఒక హత్యను కళ్లారా చూసిన అమాయకుడు కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ఊరు భయపడి తప్పుకున్నా అతను చూసినదాన్ని చూడలేదనడు. సాక్షి చేయాల్సింది ఆ రెండే: శ్రద్ధగా చూడడం, చూసింది నిజాయితీగా చెప్పడం. గోదావరి గట్టున నీడ ఎటు పడిందో, లాకుల దగ్గర నీళ్లు ఎంత ఉన్నాయో తెలిసిన ప్రేక్షకుడు తెర ముందు చేసేదీ అదే. గ్లాసు నిండిందని అతను చెప్పనీ. గుమాస్తా కళ్లలో నీళ్లు తిరిగాయని కూడా చెబితే, అప్పుడు సాక్ష్యం పూర్తవుతుంది.